నేల మీద టోపీ

కిందటి శనివారం ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో నా ఎడమ చెవి మిషను జారి పడిపోయింది. చిక్కుడు గింజంత ఉంటుంది అది. కారు తలుపు తీస్తూ జుట్టు వెనక్కి తోసుకున్నప్పుడు పడిందని తెలుసు గాని, ఎటు పడిందో తెలియదు. వెంటనే నెత్తిమీది టోపీ తీసి, నిలబడ్డ చోటనే తారు మీద ఉంచాను. తరవాత దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను, వంగి, నేల చూసుకుంటూ, ఒక్కో చుట్టుకీ కాస్త కాస్త దూరం జరుగుతూ.

కొత్తిమీర కట్టలు పట్టుకుని వస్తున్న ఒక కుర్ర జంట నన్ను చూసి ఆగింది.

"ఆంటీ, ఆర్ యూ ఓకే? ఎవరికైనా కాల్ చేయమంటారా?" అంది ఆ అమ్మాయి.

నా కుడి చెవి మిషను బాగానే పనిచేస్తోందని తెలియని ఆమె భర్త, "ఏదో ప్రదక్షిణం చేస్తున్నట్టున్నారు, డిస్టర్బ్ చేయకు" అన్నాడు మెల్లగా.

"ప్రదక్షిణం కాదు నాయనా, వేట" అన్నాను.

వాళ్ళు తొందరగా కారెక్కేశారు. నేను మళ్ళీ చుట్టు అందుకున్నాను. అప్పుడే వదిన జ్ఞాపకం వచ్చింది. ఈ విద్య ఆవిడ నేర్పిందే. ఆ టోపీ కూడా ఆవిడదే.

వదిన పోయి ఈ అక్టోబరుకి ఏడాది. సరిగ్గా పిట్టల సీజను మొదలైన రోజునే పోయిందని వాళ్ళమ్మాయి అందరికీ చెబుతుంది. వినడానికి అలాగే బాగుంటుంది. నిజానికి సీజను ఇంకా రెండు రోజులుందనగా పోయింది. ఆవిడే ఉండి ఉంటే కూతురి మాటనే బలపరిచేది. కథ కుదరడం కోసం తేదీని అటో ఇటో జరపడం వదినకి ఎన్నడూ తప్పనిపించలేదు.

మాకు చుట్టరికం లేదు. ఆవిడ అనంతపురం పక్క మనిషి, నేను కోనసీమదాన్ని. ఈ టూసాన్ ఊళ్ళో ఒకే వీధిలో కాపురం పెట్టాం కాబట్టి ఆవిడ నన్ను వదినా అంది, నేనూ ఆవిడని వదినా అన్నాను. నేను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ పశువుల డాక్టరు. ఊరి చుట్టూ ఉన్న ఆవుల మందలకి సూదులు వేసి వేసి రిటైరయింది. మిగిలిన జీవిత చరిత్ర వాళ్ళమ్మాయి సంతాప సభలో చదివింది, చాలు. అందులో తుపాకి మాట లేదు. అందుకనే ఇది రాస్తున్నాను.

వదిన వేటగత్తె. ఈ ఎడారిలో కౌజు పిట్టలుంటాయి. మన పిడికిలికి కొంచెం పెద్దవి, బూడిద రంగు, నుదుటి మీద కామా గుర్తులాంటి ఒక ఈక. రెక్కలున్నాయన్న సంగతి వాటికి చివరి నిమిషం దాకా జ్ఞాపకం రాదు. బస్సు తప్పిపోతుందని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తే ఆడవాళ్ళలా, గుంపుగా, పొదల మధ్య నుంచి ఉరుకుతాయి. తరిమి తరిమి, ఇక దారి లేదనిపిస్తేనే బుర్రుమని లేస్తాయి. అలా లేచినప్పుడు కొట్టాలి. నేల మీద పరుగెత్తే పిట్టను వదిన కొట్టేది కాదు. "కూర్చున్నోళ్ళని కొట్టేది వేట కాదు వదినా, దొమ్మీ" అనేది.

వేటాడేది ప్రభుత్వ భూమిలో. లైసెన్సు ఉన్నవాళ్ళు ఎవరైనా వెళ్ళచ్చు. ముళ్ళకంచె గేటు తీసి, లోపలికి వెళ్ళి, మళ్ళీ వేసెయ్యాలి. కారు బాట దిగకూడదు. ఎంత దూరమైనా కాలినడకే. ఆ బీడుని వదిన "మన చేను" అనేది. దేశంలో ఉన్నవాళ్ళందరి పేరా ఉమ్మడిగా పట్టా ఉందని ఆవిడ వాదన. దేశంలో అలాంటి భూమి మొత్తం ఎంతుందో, జనం ఎంతమందో చూసి, తలకి రెండెకరాలకి కొంచెం తక్కువ వస్తుందని నేను భాగించి చెప్పాను.

"అయితే ఈ రాళ్ళున్న రెండెకరాలు నువ్వు తీసుకో. ఆ గుట్ట దాకా నాది" అంది.

"అది రెండు వందల ఎకరాలుంటుంది."

"మా వాళ్ళవి కూడా కలుపుకున్నాలే. వాళ్ళు ఎట్లా రారు."

ఆ నేలంటే ఆవిడకి అంత ప్రేమ. సర్కారు తుమ్మకి దాయాది చెట్లు, నాగజెముడు, ఎండిన వాగులు, ఎర్రటి గుట్టలు. అన్నీ చూసి "అచ్చం మా ఊరే" అని మురిసిపోయేది. కాలవ గట్ల మీద పెరిగిన నాకు అందులో మురిసేందుకు ఏమీ కనిపించేది కాదు. "మీ ఊరు ఇలాగుంటే మీరు వలస రావడంలో తప్పు లేదు" అన్నానొకసారి. "మీ కోనసీమోళ్ళకి పక్కన కాలవ పారకపోతే కాళ్ళు ఆడవు" అంది.

నేను మాంసం ముట్టను. మరి నన్ను వెంట తీసుకెళ్ళడం ఎందుకని ఆవిణ్ణి చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ కొత్త జవాబు. నా పులిహోర కోసమని ఒకసారి. పాము కరిస్తే కారు నడపడానికి ఎవరో ఒకరు ఉండాలని ఒకసారి. "కుక్కని పెంచితే మేపాల. నువ్వైతే నీ క్యారేజీ నువ్వే తెచ్చుకుంటావు" అని ఇంకోసారి.

ఆ క్యారేజీ మొదటి రోజే మా ఇద్దరికీ తగువు పెట్టింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. భుజం సంచిలో వేసుకుని బయలుదేరాను. అడుగు పడినప్పుడల్లా గిన్నెలు టంగుటంగుమన్నాయి. పొద్దున్న గంటన్నర నడిచినా ఒక్క పిట్ట ఈక కనబడలేదు. చివరికి వదిన ఆగి, వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం వదినా, నువ్వు గంట కొట్టుకుంటా వస్తే పిట్టలు హారతికి నిలబడతాయనుకుంటివా?"

తన భుజమ్మీది తువ్వాలు తీసి, నా క్యారేజీని చంటిపిల్లకి చుట్టినట్టు చుట్టి ఇచ్చింది. ఆ తరవాత ఎప్పుడూ అది తువ్వాల్లోనే వచ్చింది.

ఆవిడ నడక కూడా చెప్పాలి. నాలుగడుగులు వేసి ఆగేది. తల ఒక పక్కకి వంచి వినేది. మళ్ళీ నాలుగడుగులు. నేను విసుక్కుంటే, "నడిచిపోయే మనిషికి పిట్ట భయపడదు. పోతాడ్లే అనుకుంటాది. ఆగిన మనిషికే భయం. మన డిపార్ట్‌మెంట్లలో ఇన్‌స్పెక్టర్లని చూసినాం గదా" అనేది. జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకున్న మనిషికి దువ్వెన దేనికని అనుకునేదాన్ని. ఆ ఎడారిలో ఒక రకం జెముడు ఉంది. పక్కన నడిస్తే చాలు, ముళ్ళ బంతి తెగి ఒంటికి అంటుకుంటుంది. నా మోకాలి కింద ఒకటి అంటుకున్నప్పుడు వదిన ఆ దువ్వెన దాని కిందికి దూర్చి ఒక్క విదుపు విదిలించింది. ముళ్ళ బంతి పది గజాల అవతల పడింది.

"ఇరవై గజాలు పొయ్యింది చూడు!" అంది గర్వంగా.

"పది."

"నీ కాలి మీద నుంచి నేను కొట్టింటే, నువ్వు నా గజాలు తగ్గిస్తావా?"

దూరాలూ, పిట్టలూ, గురీ, అన్నిట్లోనూ మాకిదే తగువు. పన్నెండు పిట్టలు లేస్తే నూరు లేచాయనేది. నాలుగు తూటాలకి ఒక పిట్ట పడేది. రెండింటికొకటి అని చెప్పుకునేది. ఒకసారి గేటు దగ్గర వేట శాఖ అధికారి మమ్మల్ని ఆపాడు. లైసెన్సు చూశాడు, ఎన్ని కొట్టారని అడిగాడు.

"ఆరో ఏడో" అంది వదిన.

"నాలుగు" అన్నాను నేను.

అతను సంచి తెరిచి చూశాడు. నాలుగే. తరవాత తువ్వాలు చుట్టిన నా మూట చూపించి, అదేమిటన్నాడు. విప్పి, మూతలు తీసి చూపించాను. పులిహోర, పెరుగన్నం, మాగాయి, అరటిపండ్లు. అతను చాలాసేపు మాగాయి వైపు చూసి, నమస్కారం లాంటిదేదో పెట్టి వెళ్ళిపోయాడు. ఉన్నవాటి కన్నా ఎక్కువ చెప్పి అధికారికి దొరికిపోయిన వేటగత్తెను మా వదిన ఒక్కదాన్నే చూశాను. దారంతా ఆవిడ గొణుగుతూనే ఉంది. "పక్కన ఆడిటర్ని పెట్టుకోని వేటకి వస్తి. నా ఖర్మ."

ఇన్ని కోతలు కోసే మనిషి ఒక్క విషయంలో మాత్రం ఇసుమంత సడలించేది కాదు. కొట్టిన పిట్టని వెతికి తీసుకోకుండా కదలకూడదు. ఈ పిట్టల రంగూ ఆ నేల రంగూ ఒకటే. పడిన చోటు నుంచి చూపు ఒక్క క్షణం తిప్పినా, కాలి కింద ఉన్నా కనబడవు. అందుకని నాకొక ఉద్యోగం ఇచ్చింది. తుపాకి పేలగానే నేను రెప్ప వెయ్యకుండా పిట్ట పడిన చోటుని చూస్తూ నిలబడాలి. "నువ్వు కంటితో పట్టుకో, నేను కాలితో పోతా" అనేది. నేను చెయ్యి చాపి దారి చూపిస్తుంటే, అక్కడికి వెళ్ళి, తన నారింజ రంగు టోపీ తీసి నేల మీద ఉంచేది. ఇక ఆ టోపీయే లెక్కకి మొదలు. దాని చుట్టూ తిరుగుతూ, చుట్టు పెంచుకుంటూ పోవాలి. దొరికేదాకా టోపీ ఎత్తకూడదు. మిట్ట మధ్యాహ్నం అయినా సరే, ఉత్త నెత్తితోనే.

"కొట్టిన పిట్టని నేను ఎత్తుకోలేని రోజు వస్తే, ఆ రోజే తుపాకి మూల పెడతా" అని ప్రతి ఏడూ సీజను మొదట్లో అనేది. అది మాత్రం కోతల్లోకి చేర్చవలసిన మాట కాదని నాకు తెలుసు.

అలా పదేళ్ళు తిరిగాం. పదకొండో ఏడు చలికాలంలో వాళ్ళమ్మాయి ఫీనిక్స్ నుంచి నాకు ఫోన్ చేసింది.

"ఆంటీ, ప్లీజ్, మీరు చెప్పండి అమ్మకి. ఐ చెకప్ నేను బుక్ చేశాను టూ టైమ్స్. తను రాదు. డ్రైవింగ్ మానేసింది, తెలుసా మీకు? కానీ గన్ మానదు. నేను చెప్తే జస్ట్ నవ్వుతుంది."

అప్పటికి కొన్నాళ్ళుగా కారు నేనే నడుపుతున్నాను. "నాకు తోలను విసుగు వదినా" అంటే నమ్మాను.

"నేను చూసింది చూసినట్టు చెబుతానమ్మా. అంతకన్నా ఏమీ చెప్పలేను" అన్నాను.

ఆ జనవరి ఆఖరి వారంలో వెళ్ళాం. సీజను ముగియడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. పొద్దున్నే వాగు వెంబడి నడిచాం. ఎదురుగా గుంపు ఒకటి పొదల్లోంచి గట్టెక్కి పరుగు తీసింది. వదిన తన పద్ధతిలో నాలుగడుగులు వేసి ఆగింది. వెనకబడిన పిట్ట ఒకటి బుర్రున లేచింది. తుపాకి పేలింది.

నేను రెప్ప వెయ్యలేదు. ఒక్క ఈక రాలలేదు. పిట్ట నిటారుగా పోయి, గట్టు దాటి, రెక్కలు బిగించి జారుకుంటూ ఎదురు గుట్ట మీద దిగి, పరుగెత్తి పొదలోకి పోయింది.

"పడింది!" అంది వదిన. అప్పటికే గట్టెక్కుతోంది.

"పడలేదు వదినా."

"ఏం పడకపోవడం? రెక్క ముడిచింది, నేను చూస్తి గదా."

"బిగించింది. దిగడానికి."

ఆవిడ వినలేదు. ఒక పొద పక్కన టోపీ తీసి ఉంచింది. ఉంచిన తరవాత ఇక చెప్పేదేముంది? నియమం నియమమే. ఆవిడ కుడి చుట్టూ నేను ఎడమ చుట్టూ వెతికాం. అక్కడ లేదని తెలిసి తెలిసీ నేను ప్రతి పొదా ఎత్తి చూశాను. ఎండ ఎక్కింది. నా సీసాలో నీళ్ళు అయిపోయాయి. వదిన మోకాళ్ళ మీద కూర్చుని నాగజెముడు కింద చెయ్యి పెట్టి తడుముతోంది. తడుముతోంది, చూడటం లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా చేత్తో వెతకడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. అన్నీ లెక్కపెట్టే నేను, ఆ ఒక్కటీ లెక్కలోకి తీసుకోలేదు.

"దొరికింది" అని నేను అనడానికి అక్కడ పిట్ట లేదు. "అవును, పడినట్టే ఉంది, ఏ నక్కో ఎత్తుకుపోయి ఉంటుంది" అని మాత్రం అనచ్చు. అలా అంటే ఆవిడకి కొట్టిన పిట్టని పోగొట్టుకున్నానన్న బాధ. పడలేదని నిలబడితే, పడినట్టు ఆవిడకి ఎలా కనబడిందన్న ప్రశ్న. ఎటు తిరిగినా తుపాకి మూలకే పోతుంది. వాళ్ళమ్మాయికి కావలసిందీ అదే. నాకు మాత్రం ఆ క్షణంలో అది బొత్తిగా అక్కర్లేదనిపించింది.

వదిన లేచి, చేతులు దులుపుకుంది. "సరే. ఏమి చూస్తివో చెప్పు. కచ్చితంగా చెప్పు."

"గట్టు దాటింది. ఆ ఎదురు గుట్ట మీద, తెల్ల రాయి పక్కన దిగింది."

వదిన గుట్ట వైపు చూసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఏ తెల్ల రాయి?"

పడుకున్న గేదె అంత ఉంది ఆ రాయి. ఎండలో మెరుస్తోంది.

నేను చెయ్యి చాపి చూపించాను. ఆ చెయ్యి కొసన ఆవిడకి ఏమీ కనబడలేదు. తుపాకి గొట్టం కిందికి మడిచి, మిగిలిన తూటా బయటికి తీసి, జేబులో దువ్వెన పక్కన వేసుకుంది.

"ఇంకెవర్ని తెచ్చుకున్నా, పడింది పడింది అనిందురు" అంది. "వేటగాళ్ళందరూ అబద్ధాలకోర్లు వదినా. నాతో కలిపి. ఈ రోజు ఎప్పుడో ఒకసారి వస్తాదని తెలిసే నిన్ను తెచ్చుకుంటి. నీ పులిహోర కోసం కాదు."

పదకొండేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు అది. "పులిహోర అంత బాగోదా?" అన్నాను.

"పులుపు ఎక్కువ" అంది. "పద, ఆ రాయి చూపించు."

చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించాను. అంతకు ముందు ఎన్నడూ చెయ్యి ఇచ్చిన మనిషి కాదు. రాయి దగ్గరికి వెళ్ళేసరికి చెదిరిన పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి, మూడు ముక్కల కూత, ఈ పొదలోంచి ఆ పొదకి. వదిన తల వంచి వింటూ నిలబడింది. ఆగిన మనిషి అంటే భయం కదా, గుంపు మొత్తం ఒక్కసారి మా కాళ్ళ దగ్గర నుంచే లేచింది. తుపాకి ఆవిడ మోచేతి మీద మడిచినది మడిచినట్టే ఉంది.

"ఎన్ని?" అంది.

"పదకొండు."

"నూరు ఉంటాయి."

"పదకొండే వదినా."

"రెక్కల చప్పుడు నూటికి తక్కువ లేదు" అంది. చెవులు నాకన్నా ఆవిడవే బాగుండేవి కాబట్టి ఆ లెక్క ఆవిడకే వదిలేశాను.

సగం దూరం దిగాక ఆవిడ ఉత్త నెత్తి తడుముకుంది. టోపీ అక్కడే మరిచిపోయాం. పిట్టకి గుర్తుగా టోపీ ఉంచుతాం గాని, టోపీకి గుర్తుగా ఏదీ ఉంచలేదు. వెనక్కి వెళ్ళి, ఏ పొదకి ఆ పొదే అనిపించే ఆ గట్టు మీద అరగంట వెతికాం. చివరికి నాకే కనబడింది. ఇచ్చాను. ఆవిడ దుమ్ము దులిపి, తను పెట్టుకోబోయి ఆగి, నా చీర కొంగు పక్కకి తోసి, నా తలకి గట్టిగా బిగించింది.

"చూసేవాళ్ళ నెత్తిన ఉండాల ఇది" అంది.

ఆ సాయంత్రం వాళ్ళమ్మాయికి ఆవిడే ఫోన్ చేసి, చెకప్ బుక్ చేసుకోమంది. తుపాకి మూలకి పోయింది. అయితే నడక మానలేదు. ఆ తరవాత ఇంకో రెండు చలికాలాలు మన చేనుకి వెళ్ళాం, నా టోపీతో, ఆవిడ చేతికర్రతో. పిట్టలు లేస్తే వదిన కర్ర ఎత్తి "ఢాం" అనేది. "పడింది" అనేది. ఆ రెండు సీజన్లలో ఆవిడ గురి ఒక్కసారి కూడా తప్పలేదు.

పార్కింగ్ లాట్‌లో నా చెవి మిషను దొరికింది. ఐదో చుట్టులో, పక్క కారు టైరు వార, పచ్చిమిరపకాయ తొడిమ పక్కన పడి ఉంది. చెవిలో పెట్టుకున్నాక గాని టోపీ ఎత్తలేదు.

వదినైతే సరిగ్గా టోపీ కిందే దొరికిందని చెప్పేది. మూడడుగుల అవతల దొరికింది.